సారంగి కోసం తగ్గిన గిటారు

ఢిల్లీలో కటవారియా సరాయ్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి గేట్ కోచింగులు, ఇరుకు గదులు. ఆ ఊరి పక్కనే ఐఐటీ. శాస్త్రీయ సంగీతాన్ని కాలేజీ కుర్రకారు దగ్గరికి తెచ్చిన స్పిక్ మెకే సంస్థ 1977లో అక్కడి ఆచార్యుడు కిరణ్ సేథ్ చొరవతోనే పుట్టింది. రాండేవూ ఉత్సవాల్లో రాక్ బ్యాండ్లు హోరెత్తించేదీ అదే ప్రాంగణం. ఇలా రెండు చెవులతో రెండు సంగీతాలు వింటూ పెరిగిన నగరంలో 2004లో ‘అద్వైత’ అనే బ్యాండు మొదలైంది. 2009లో వాళ్ల తొలి ఆల్బమ్ ‘గ్రౌండెడ్ ఇన్ స్పేస్’ వచ్చింది. గిటారు, బేస్, కీబోర్డు, డ్రమ్స్ పక్కన తబలా, ఉజ్వల్ నాగర్ హిందుస్తానీ గాత్రం, సుహైల్ యూసుఫ్ ఖాన్ సారంగి. ఇలాంటి ఆల్బమ్ రాగానే ‘తూర్పు పడమరల కలయిక’ అని రాసేయడం మనకు అలవాటు. నా లెక్కలో ఆ మాట అసలు పనిని దాచేస్తుంది. వాద్యాలను ఒకచోట చేర్చడం పెద్ద కష్టమేమీ కాదు. ఎవరు ఎక్కడ తగ్గాలో తేల్చుకోవడమే కష్టం, అందులోనూ తగ్గాల్సింది ఎక్కువగా రాక్ పక్షమే.

ఎందుకో తెలియాలంటే సారంగిని దగ్గరగా చూడాలి. పైన పేగుతో చేసిన మూడు లావు తీగలు, వాటి కింద ముప్పైకి పైగా సన్నని తరబ్ తీగలు. కళాకారుడు తీగను వేలి కొసతో నొక్కడు, గోటి మొదట్లోని చర్మాన్ని పక్క నుంచి ఆనించి జరుపుతాడు. స్వరం నుంచి స్వరానికి జారడమే దాని ప్రాణం. శ్రుతి మార్చాలంటే ఆ తరబ్‌లన్నీ మళ్లీ సరిచేసుకోవాలి కాబట్టి, పాటకో శ్రుతి పెట్టుకునే రాక్ అలవాటు అక్కడ చెల్లదు. చిక్కు అంతటితో ఆగదు. కీబోర్డులో పన్నెండు స్వరాలూ సమాన దూరంలో బిగించి ఉంటాయి. తంబూరా శ్రుతికి కలిసే అంతర గాంధారం అంతకన్నా కాస్త కిందుగా పలుకుతుంది. కీబోర్డు తన గాంధారాన్ని కార్డులో పట్టుకుని కూర్చుంటే సారంగి గాంధారం దానితో రాసుకుంటుంది. గాంధారం లేకుండా షడ్జ పంచమాలే మోగిస్తే ఆ గొడవే ఉండదు. తమాషా ఏమిటంటే హెవీ రాక్ గిటారిస్టులు ఏనాటి నుంచో వాడే పవర్ కార్డు సరిగ్గా ఇదే, షడ్జం, పంచమం. రాక్‌లో అన్నిటికన్నా బరువైన చప్పుడే తంబూరాకు దగ్గరి చుట్టం.

ఇక మిగిలింది బలం. డ్రమ్స్ ముందు సారంగి నిలవదు, మైకు పెంచితే అందులోకీ డ్రమ్సే దూరతాయి. స్టూడియోలో విడిగా రికార్డు చేసి పక్కపక్కన పేర్చవచ్చు. అయితే అది యంత్రం చేసిన మాయ, వేదిక మీద నిలిచినదే సంగీతం అనేవాళ్లున్నారు. వాళ్ల చేతిలో గట్టి ఉదాహరణలే ఉన్నాయి. జాన్ మెక్‌లాఫ్లిన్, ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయకరామ్‌ల ‘శక్తి’ తొలి ఆల్బమ్ 1975 నాటి కచేరీ రికార్డింగు. ఢిల్లీకే చెందిన ‘ఇండియన్ ఓషన్’ తొలి ఆల్బమ్ 1993లో హెచ్ఎంవీ ద్వారా వచ్చినా, చాలామంది మెచ్చిన ‘డెజర్ట్ రెయిన్’ సఫ్దర్ హష్మీ స్మారక కచేరీలో నేరుగా పట్టినది. కానీ శక్తిలో డ్రమ్ సెట్టే లేదు. ఇండియన్ ఓషన్‌లో సారంగి లాంటి మెత్తని గొంతు లేదు, అషీమ్ చక్రవర్తి తబలా తరంగ్ డ్రమ్స్‌కు ఎదురు నిలవగల వాద్యం. అంటే వాళ్లు బలాల లెక్కను వాద్యాల ఎంపికలోనే తేల్చుకున్నారు. సారంగినే ఎంచుకున్నవాళ్లు ఆ లెక్కను స్టూడియోలో తేల్చుకుంటే తప్పేముంది?

సంప్రదాయవాదుల అభ్యంతరం వేరు, రాగం పాడవుతుందని. వాద్యం పరాయిదైతే రాగం చెడుతుందన్న భయం మనకెప్పుడో తీరింది. ద్వారం వెంకటస్వామి నాయుడి చేతిలో పడ్డ వయొలిన్‌ను ఇంకా విదేశీ అనేవారెవరు? బృందంగా వాయిస్తే చెడుతుందన్న మాటకు ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందాన్ని నడిపిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి పనే జవాబు. అయినా ఆ అభ్యంతరంలో ఒక ముక్క నిజం. ఐదారు నిమిషాల పాటలో, స్టూడియో క్లిక్ చెవిలో టిక్కుటిక్కుమంటుంటే, తాళం లేని ఆలాపన తీరిగ్గా విప్పుకోదు. ఆ నష్టాన్ని ఏ మిక్సింగూ పూడ్చలేదు. అలాంటి ఆలాపన కావాలనుకునేవారికి సుహైల్ తాతగారు ఉస్తాద్ సాబ్రీ ఖాన్ రికార్డింగులు ఉన్నాయి, మనవడు విడిగా చేసే సారంగి కచేరీలూ ఉన్నాయి.