మెతుకు సీమలో కరువు కట్టిన చర్చి

ఆకాశంలోకి లేచిన రాతి గోపురం, రంగురంగుల గాజు కిటికీలు, కోసుగా నిలబడ్డ ఆర్చీలు... ఇవన్నీ యూరప్ వెళ్తేగానీ కనిపించవనుకుంటాం. కానీ రాజమండ్రిలో రాత్రి రైలెక్కితే మర్నాడు మధ్యాహ్నానికల్లా వాటి ముందు నిలబడొచ్చు. మెదక్ చర్చికి మేం చూడ్డానికి వెళ్లింది అందాన్ని. విని వచ్చింది మాత్రం ఆకలి కథని!

పారిస్‌లోని నోటర్‌డామ్ చర్చి 2019 ఏప్రిల్‌లో మంటల్లో చిక్కుకుంది. దాన్ని బాగుచేసి 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారు. ఆ వేడుకని టీవీలో చూసినప్పట్నుంచీ మా పిల్లలది ఒకటే గొడవ... 'మనమూ అలాంటి చర్చి చూద్దాం నాన్నా' అని. పారిస్ టికెట్ల మాట దేవుడెరుగు. అదే నెలలో, క్రిస్మస్ రోజున, మన మెదక్ చర్చికి వందేళ్లు నిండాయి. ఆ మాట చెప్పి వాళ్లని ఒప్పించాను. సెలవులు చూసుకుని అయిదుగురం బయల్దేరాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, మా అమ్మ.

హైదరాబాద్‌లో దిగి బాలానగర్ మీదుగా వెళ్తుంటే దారిలో 'నర్సాపూర్' అని బోర్డు కనిపించింది. 'ఇదేంట్రా, రాత్రంతా రైల్లో కూర్చుని మళ్లీ మన నరసాపురమే వచ్చేశామా?' అంది అమ్మ. బస్సులో ముందు సీటాయన కూడా నవ్వేశాడు. ఇది మెదక్ జిల్లా నర్సాపూర్. అయినా చర్చిలన్నమాట వస్తే మన నరసాపురాన్నీ తలుచుకోవాల్సిందే. విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు ఇంగ్లిషు మిషనరీలు 1830ల్లోనే అక్కడికి చేరారు. మెదక్‌లో ఈ చర్చికి పునాది పడటానికి దాదాపు 80 ఏళ్లు ముందన్నమాట.

దూరం నుంచే పలకరిస్తుంది

నర్సాపూర్ అడవి దాటి, రాతిగుట్టలూ చెరువులూ చూసుకుంటూ వెళ్తే మెదక్ వస్తుంది. ఊళ్లోకి అడుగుపెట్టకముందే చెట్ల పైనుంచి గోపురం కనిపిస్తుంది. ఎత్తు 175 అడుగులు. అంటే పదిహేను అంతస్తుల భవనమంత! చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. ఒకేసారి అయిదువేల మంది కూర్చోవచ్చంటారు. ఒండ్రుమట్టి తప్ప రాయి కనిపించని డెల్టాలో పుట్టిన మాకు, కింది నుంచి పైదాకా రాతితోనే లేచిన ఆ కట్టడం చూస్తే మాట రాలేదు.

గుమ్మం దగ్గర అమ్మ ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పేసింది. పిల్లలూ విప్పారు. 'దేవుడున్నచోట చెప్పులేంటి' అనేది ఆవిడ లెక్క. మన తెలుగు చర్చిల్లో పద్ధతీ అదే కదా.

గొడుగు కింద రహస్యం

లోపలికి వెళ్లగానే చూపు దానంతటదే పైకి పోతుంది. గోతిక్ శైలి గొప్పతనం అదే. ఈ తరహా నిర్మాణం 1140ల్లో పారిస్ పక్కనున్న సెయింట్ డెనిస్ చర్చిలో రూపు దిద్దుకుంది. అంతకుముందు ఆర్చీలు అర్ధచంద్రాకారంలో గుండ్రంగా కట్టేవారు. ఆ ఆర్చి పైబరువుని పక్కలకు గట్టిగా తోస్తుంది. దాన్ని ఆపడానికి గోడలు మందంగా ఉండాలి, కిటికీలు చిన్నవిగా పెట్టాలి. లోపలంతా చీకటే. ఆర్చి కొసని కోసుగా పైకి లాగితే బరువులో ఎక్కువ భాగం నేరుగా కిందికి, స్తంభాల్లోకి దిగుతుంది. పైకప్పు కింద రాతి పట్టీలు గొడుగు కమ్మీల్లా విచ్చుకుని ఆ బరువుని పంచుకుంటాయి. ఇక గోడలకు పని తగ్గింది కాబట్టి వాటిలో నిలువెత్తు కిటికీలు పెట్టొచ్చు. వెలుగు కోసం కనిపెట్టిన లెక్క ఇది.

మధ్యయుగాల నాటి ఈ శైలిని 19వ శతాబ్దంలో బ్రిటన్ మళ్లీ తలకెత్తుకుంది. తమ పాలన, తమ మిషన్లు వెళ్లిన చోటికల్లా మోసుకెళ్లింది. అలా వచ్చిందే మెదక్ చర్చి కూడా.

నేల మీద రంగురంగుల మొజాయిక్ పలకలు పరిచారు. బ్రిటన్ నుంచి తెప్పించినవి. అసలు అందం మాత్రం మూడు గాజు కిటికీలది. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం... ఈ మూడు ఘట్టాలనీ రంగుల అద్దాల్లో నిలిపారు. బ్రిటిష్ రాజకుటుంబానికి చిత్తరువులు వేసి పేరు తెచ్చుకున్న ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ పనితనం ఇది. బయట నుంచి చూస్తే ఈ కిటికీలు నల్లగా, దుమ్ము పట్టినట్టుంటాయి. లోపల నిలబడి, వెనక నుంచి ఎండ పడుతున్నప్పుడు చూడాలి. ఎరుపు, నీలం, పసుపు ఒక్కసారిగా వెలుగుతాయి. మబ్బు అడ్డొస్తే ఆరిపోతాయి. మబ్బు తొలగితే మళ్లీ వెలుగుతాయి. మా చిన్నది ఆ ఆట చూస్తూ బెంచీ మీంచి లేవనే లేదు. అందుకే ఇక్కడికి పొద్దుండగానే రావాలి. పొద్దు వాలితే ఆ బొమ్మలు కనిపించవు.

కూలి కోసం లేచిన రాళ్లు

మెదక్ అన్న పేరు 'మెతుకు' నుంచే వచ్చిందని చెబుతారు. మెతుకు సీమ అంటే అన్నానికి లోటులేని సీమ. అలాంటిచోట మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో కరువు పడింది. మెతుకు సీమలో మెతుకే కరువైంది! అప్పటికి ఈ ప్రాంతంలో వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లిషు మతాధికారి పనిచేస్తున్నారు. 1914లో చర్చి పని మొదలైంది. ఆకలితో వచ్చినవాళ్లకు ఊరికే దానం చేయకుండా, ఆయన ఆ కట్టడంలోనే పని చూపించి తిండి పెట్టారని ఇక్కడ అందరూ చెబుతారు. అలా పదేళ్లు సాగిన నిర్మాణం పూర్తయి, 1924 డిసెంబరు 25న చర్చిని ప్రతిష్ఠించారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఇది మెదక్ అధ్యక్ష మండలానికి కేథడ్రల్ అయింది.

ఈ కథ చెబుతుంటే మా పెద్దోడు ఒక ప్రశ్న వేశాడు. 'మరి మన కాటన్ దొరలాగా ఆనకట్ట కట్టొచ్చు కదా నాన్నా? చర్చి ఎందుకు?'

నాకు వెంటనే జవాబు తోచలేదు. గోదావరి వాళ్లకి ఆ ప్రశ్న రావడం సహజమే. 1830ల కరువుల్లో, తుపానుల్లో మన జిల్లా చితికిపోయింది. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక నేల దశ తిరిగింది. ఆనకట్ట మనవడికీ మునిమనవడికీ అన్నం పెడుతుంది. చర్చి గోపురం ఎంత ఎత్తున్నా చేనుకి నీరివ్వలేదు. వాడన్నదాంట్లో న్యాయం ఉంది.

కానీ ఇంకో వైపూ ఉంది. లక్నోలో బడా ఇమాంబాడాని 1784 కరువులో నవాబు అసఫుద్దౌలా ఇలాగే జనానికి పని కోసం మొదలుపెట్టాడు. జోధ్‌పూర్‌లో ఉమెయిద్ భవన్ 1929లో మొదలైందీ కరువు పనిగానే. అవీ నీళ్లిచ్చేవి కావు. అయినా ఆ ఏడాది పొయ్యి వెలగాల్సిన ఇంటికి మునిమనవడి పంట దాకా ఆగే వీలుండదు. చెయ్యి చాచి తీసుకున్న గంజికీ, చెమటోడ్చి తెచ్చుకున్న కూలికీ తేడా పని చేసినవాడికే తెలుస్తుంది.

అమ్మ అప్పటిదాకా ఓ స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడి ఉంది. 'కట్టించినాయన పేరు చెప్పావు, అద్దాలు చేసినాయన పేరు చెప్పావు. ఈ రాళ్లు మోసినవాళ్ల పేర్లు?' అనడిగింది. దానికీ నా దగ్గర జవాబు లేదు. ఆ మాటకొస్తే ధవళేశ్వరంలో రాళ్లు మోసినవాళ్లలో ఒక్కరి పేరైనా మనలో ఎందరికి తెలుసు? కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి. ఉండాల్సిందే. తట్ట మోసిన తల్లికి మాత్రం గుర్తుగా మిగిలింది ఆ రాయే.

అంతవరకూ గాజు కిటికీల వంకే చూసిన మేం, ఆ తర్వాత గోడల వంక చూశాం. పిల్లలు ఒక్కో రాతినీ తడిమి చూశారు. పదేళ్లపాటు ఎన్ని ఇళ్లలో అన్నం ఉడికిందో ఆ రాళ్లకే తెలియాలి.

నీళ్లు మన వైపే

మధ్యాహ్నం తిరిగాక ఏడుపాయల వెళ్లాం. మంజీర నది ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గమ్మ గుడి ఉంది. ఆ దగ్గర్లోనే మంజీర మీద నిజాం కాలంలో, 1905లో కట్టిన ఘనపూర్ ఆనకట్ట! 'చూశావా, ఇక్కడా కట్టారు' అన్నాను మా పెద్దోడితో. వాడు సంతృప్తిగా తలూపాడు. ఈ మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అమ్మ వంగి దోసిట్లోకి నీళ్లు తీసుకుని కళ్లకద్దుకుంది. 'మన గోదారేగా' అంది.

వెళ్లాలనుకుంటే...

గోదావరి జిల్లాల నుంచి రాత్రి రైళ్లలో ముందు హైదరాబాద్ చేరాలి. అక్కడి నుంచి మెదక్ సుమారు వంద కిలోమీటర్లు. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి బస్సులుంటాయి. 2022 సెప్టెంబరులో మెదక్‌కి రైలుమార్గం కూడా వచ్చింది. క్రిస్మస్, గుడ్‌ఫ్రైడే రోజుల్లో మతంతో పనిలేకుండా వేలమంది వస్తారు. ఆ సందడి చూడాలంటే అప్పుడే వెళ్లాలి, కిటికీలు తీరిగ్గా చూడాలంటే మామూలు రోజుల్లో వెళ్లాలి. ఇది మ్యూజియం కాదు, రోజూ ప్రార్థన జరిగే చోటు. ఆరాధన వేళ మెల్లగా ఓ పక్కన కూర్చోవడం, ఫొటోలు అడిగి తీసుకోవడం మర్యాద. ఊళ్లోనే కొండమీద కాకతీయుల నాటి కోట ఉంది. పోచారం అభయారణ్యం కూడా దగ్గరే. ఒకరోజు ఎక్కువ పెట్టుకుంటే అన్నీ చూసి రావచ్చు.