టర్బో పోయిందా? కొత్తది కొనే ముందు ఈ వరుసలో చూడండి

ఈరోజు ఎపిసోడ్‌ని నా తప్పుతోనే మొదలుపెడతా.

మొన్న వర్షాలు తగ్గాక మా బాబాయ్ ఫోన్ చేశాడు. బాబాయ్‌ది బొర్రా గుహల దగ్గర ఊరు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2014 మోడల్ డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఒకటుంది. కటికి జలపాతానికి వెళ్ళే మట్టిదారిలో టూరిస్టులను తిప్పుతాడు. ఆ బండి తిరిగితేనే ఇల్లు గడుస్తుంది. సరిగ్గా సీజన్ మొదలయ్యే టైమ్‌లో బండి మొరాయించింది.

"ఒరేయ్ నాన్నా, బండి ఎత్తు ఎక్కట్లేదురా. ఎనకాల నల్లగా పొగ. మెకానిక్ చూసి టర్బో పోనాది, కొత్తది ఎయ్యాలి, 60 వేలవుద్ది అంటన్నాడు. నువ్వేటంటావు?"

"స్కాన్ చేశారా బాబాయ్?" అని అడిగా. చేశారట, పీ0299 అని కోడ్ వచ్చిందట. ఫోన్‌లోనే వెతికా. టర్బో అండర్‌బూస్ట్, అంటే టర్బో నుంచి రావాల్సినంత గాలి ఒత్తిడి రావట్లేదు అని. "అయితే టర్బోనే బాబాయ్, మార్పించెయ్" అని చెప్పేశా. రెండు నిమిషాల్లో తీర్పు!

మర్నాడు పిన్ని ఫోన్ చేసింది. గాజులు తాకట్టు పెట్టడానికి వెళ్తున్నామని మామూలుగా చెప్పింది. అప్పుడు నాకు గుండె జారింది. ఎందుకంటే నేను ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాణ్ణి. ఎర్రర్ ఎక్కడ కనిపించిందో తప్పు అక్కడే ఉండాలని లేదు అన్నది మాకు మొదటి పాఠం. 200వ లైన్‌లో ప్రోగ్రామ్ ఆగిపోతే, అసలు తప్పు 20వ లైన్‌లో ఉండొచ్చు. ఆ పాఠం మా బాబాయ్ బండి దగ్గర మర్చిపోయా. "పిన్నీ, రెండ్రోజులు ఆగండి, నేనొస్తున్నా" అని చెప్పి బస్సెక్కా.

ముందు టర్బో అంటే ఏంటో చూద్దాం

సైలెన్సర్ వైపు వేగంగా వెళ్ళే వేడి పొగ ఒక చిన్న ఫ్యాన్‌ని తిప్పుతుంది. దాన్ని టర్బైన్ అంటారు. అదే షాఫ్ట్‌కి రెండో చివర ఇంకో ఫ్యాన్ ఉంటుంది, అది కంప్రెసర్. బయటి గాలిని లాగి, ఒత్తి, ఇంజన్‌లోకి తోస్తుంది. ఎక్కువ గాలి దొరికితే ఎక్కువ డీజిల్ కాలుతుంది, బండికి బలం వస్తుంది. అంటే వృథాగా పోయే పొగతోనే పని చేయించుకోవడం. స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే ఈ ఆలోచనకి పేటెంట్ తీసుకున్నాడు.

ఆ షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. అంత వేగంలో దాన్ని కాపాడేది సన్నటి ఇంజన్ ఆయిల్ పొర ఒక్కటే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు అసలు పాయింట్. గాలి వెళ్ళే దారి వరుసగా ఇది: ఎయిర్ ఫిల్టర్, గాలిని కొలిచే సెన్సర్, టర్బో, రబ్బరు పైపు, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, ఇంకో పైపు, ఇంజన్. ఈ గొలుసులో ఎక్కడ తేడా వచ్చినా కంప్యూటర్‌కి కనపడేది ఒకటే, "ఒత్తిడి తక్కువుంది" అని. పీ0299 కోడ్ చెప్పేది అంతే. టర్బో చచ్చిపోయిందని అది చెప్పదు. ఈ గొలుసులో అన్నిటికంటే ఖరీదైన ముక్క టర్బో. అందుకే దాన్ని ఆఖర్న అనుమానించాలి.

మొదటి మెట్టు: కళ్ళు, చెవులు

పొగ రంగు చూడండి. నలుపు అంటే డీజిల్‌కి సరిపడా గాలి లేదు. నీలం అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెలుపు అయితే సరిగ్గా కాలని డీజిల్ కావచ్చు, కూలెంట్ లోపలికి పోతుండొచ్చు. చలి ఉదయం స్టార్ట్ చేయగానే కాసేపు వచ్చే ఆవిరిని చూసి కంగారుపడకండి.

బలం తగ్గింది కానీ పొగ లేదు అంటే డీజిల్ ఫిల్టర్‌ని కూడా చూడాలి. అక్కడ తక్కువైంది గాలి కాదు, డీజిలే అయ్యుండొచ్చు.

తర్వాత శబ్దం. టర్బో సన్నగా ఈల వేయడం మామూలే. ఆ ఈల ఉన్నట్టుండి సైరన్‌లా పెరిగినా, లోహం రాసుకున్న శబ్దం వచ్చినా అనుమానించాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే బుస్సుమంటే గాలి ఎక్కడో లీకవుతోందని అర్థం.

బాబాయ్ బండి పొగ నలుపు. నీలం అస్సలు లేదు. ఆయిల్ కూడా పెద్దగా తగ్గట్లేదన్నాడు. అంటే ఆయిల్ సీలు పోయిన లక్షణాలు లేవు. నా రెండు నిమిషాల తీర్పు అక్కడే సగం వీగిపోయింది.

రెండో మెట్టు: మీ జేబులో ఉన్న ఫోన్

బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో పెట్టి, ఫోన్‌లో యాప్‌కి కలిపితే చాలు. చాలామంది కోడ్ చదివి ఆపేస్తారు. అసలు విషయం లైవ్ డేటాలో ఉంటుంది. అందులో మ్యాప్ అనే రీడింగ్ వెతకండి. ఇంజన్‌లోకి వెళ్ళే గాలి ఒత్తిడి అది.

ముందు ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి చూడండి. అప్పుడు బయటి గాలి ఒత్తిడి ఎంతో అంతే చూపించాలి. విశాఖ బీచ్ దగ్గరైతే 101 కిలోపాస్కల్స్ దగ్గర ఉంటుంది. బొర్రా సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, కాబట్టి అక్కడ 93 వచ్చింది. సరిగ్గానే ఉంది. అంటే సెన్సర్ అబద్ధం చెప్పట్లేదు.

తర్వాత బాబాయ్ నడుపుతుంటే నేను పక్క సీట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నా. నడిపేవాళ్ళు ఫోన్ చూడొద్దు, ప్లీజ్. నిలబెట్టి రేజ్ చేస్తే సరిపోదు, ఎందుకంటే బరువు లాగితేనే టర్బో పూర్తిగా పనిచేస్తుంది. మూడో గేర్‌లో ఎత్తు ఎక్కుతూ పూర్తిగా తొక్కితే రీడింగ్ 120 దగ్గర ఆగిపోయింది. 120లోంచి 93 తీసేస్తే 27. అంటే టర్బో అదనంగా ఇస్తున్నది పావు బార్ మాత్రమే. ఇలాంటి బండి ఒక బార్ పైనే ఇవ్వాలి. కోడ్ నిజమే చెప్పింది. ఇక ఎక్కడ పోతోందో వెతకాలి.

మూడో మెట్టు: ఖర్చు లేని చెక్‌లు

ఇవన్నీ ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారాకే చేయాలి. టర్బైన్ వైపు ఇనుము బాగా కాలుతుంది, చెయ్యి పెడితే తోలు ఊడుతుంది.

ఒకటి, ఎయిర్ ఫిల్టర్. మట్టిదారి బళ్ళకి ఇది తొందరగా మూసుకుపోతుంది. బాబాయ్‌ది మురికిగా ఉంది కానీ మూసుకుపోలేదు.

రెండు, వాక్యూమ్ పైపులు. చాలా డీజిల్ బళ్ళలో టర్బోని కంట్రోల్ చేసే యాక్చుయేటర్ వాక్యూమ్‌తో పనిచేస్తుంది. దానికి వెళ్ళే పైపు స్ట్రా అంత సన్నంగా ఉంటుంది. అది ఎండి పగిలితే ఇంత పెద్ద బండీ డీలా పడుతుంది. లోపల రెక్కలు కదిలే వీజీటీ టర్బో అయితే, ఇంజన్ స్టార్ట్ చేయగానే యాక్చుయేటర్ కడ్డీ కదలాలి, ఆపగానే వెనక్కి రావాలి. ఒకరు స్టార్ట్ చేస్తే ఇంకొకరు దూరంగా నిలబడి చూడండి. పైపు బాగుండి కూడా కడ్డీ కదలకపోతే యాక్చుయేటర్ పోయిందేమో, లోపల మసి పట్టి రెక్కలు బిగుసుకున్నాయేమో చూడాలి. రెక్కలకి మసి పట్టడం ఎప్పుడూ నెమ్మదిగా తిరిగే బళ్ళలో ఎక్కువ. క్లీన్ చేస్తే బాగయ్యే కేసులుంటాయి.

మూడు, ఇంటర్‌కూలర్ పైపులు. మా కథ ఇక్కడే తేలింది. పై నుంచి చూస్తే పైపు కొత్తదానిలా ఉంది. కింద చెయ్యి పెట్టి తడిమితే జిడ్డు తగిలింది. ఈ పైపుల లోపల పల్చగా ఆయిల్ తడి ఉండటం మామూలే, బయట జిడ్డు ఉండకూడదు. గట్టిగా పిండితే క్లిప్పు పక్కన అడుగు భాగంలో నోరు తెరుచుకున్నట్టు నాలుగు వేళ్ళ పొడవు చీలిక! మామూలుగా ఉన్నప్పుడు అంచులు మూసుకునే ఉంటాయి. గాలి ఒత్తిడి పెరిగితేనే తెరుచుకుంటాయి. అందుకే షెడ్‌లో నిలబెట్టి చూసినప్పుడు మెకానిక్‌కి కనపడలేదు.

మరి నల్ల పొగ ఎందుకు? ఫిల్టర్ దగ్గర సెన్సర్ గాలిని కొలిచి "ఇంత వచ్చింది" అని కంప్యూటర్‌కి చెప్పింది. దాన్నిబట్టి డీజిల్ పోసింది. కానీ కొలిచిన గాలిలో కొంత దారిలోనే చీలికలోంచి పోయింది. డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ, అందుకే పొగ. లెక్క సరిపోయింది.

కొత్త పైపు, రెండు క్లిప్పులు కలిపి 1,800 అయ్యింది. అదే ఎత్తు, అదే మూడో గేర్, రీడింగ్ 210 దాటింది. బాబాయ్ ఏమీ అనలేదు. బండి పక్కకి ఆపి, దిగి, పిన్నికి ఫోన్ చేశాడు. "గాజులు ఇంట్లోనే ఉంచీ" అన్నాడు, అంతే.

నిజంగా టర్బోనే పోతే?

అలా కూడా జరుగుతుంది, ఇక్కడ మొహమాటం పనికిరాదు. పైవన్నీ బాగున్నాయి అంటే ఫిల్టర్ వైపు పైపు విప్పి కంప్రెసర్ ఫ్యాన్‌ని చూడాలి. రెక్కల అంచులు విరిగాయా, గోడకి రాసుకున్న గీతలున్నాయా అని టార్చ్‌తో చూడండి. షాఫ్ట్‌ని వేళ్ళతో పట్టుకుని పక్కలకి కదిపితే కొద్దిగా ఆడటం చాలా టర్బోల్లో మామూలే. రెక్క గోడకి తగిలితే మాత్రం పోయినట్టే. ముందుకీ వెనక్కీ ఆడటం చేతికి తెలిసినా పోయినట్టే. నీలం పొగ వస్తూ, ఆయిల్ తగ్గుతూ, ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ నిలబడి ఉంటే అది కూడా తీవ్రమైన గుర్తే. కానీ టర్బో నుంచి ఆయిల్ తిరిగొచ్చే పైపు మూసుకుపోయినా సీలు దాటి ఆయిల్ కారుతుంది. ముందు ఆ పైపు చూడమనండి.

ఆ స్థితిలో బండి నడపకండి. ఇది డబ్బు విషయం కాదు, ప్రాణం విషయం. సీలు పూర్తిగా పోతే ఇంజన్ ఆయిలే ఇంజన్‌లోకి వెళ్ళి డీజిల్‌లా కాలుతుంది. అప్పుడు తాళం తీసేసినా ఇంజన్ ఆగదు, స్పీడ్ పెరుగుతూనే ఉంటుంది. దీన్ని రన్‌అవే అంటారు. మాన్యువల్ బండి అయితే ఆపి, బ్రేక్ గట్టిగా తొక్కి, హ్యాండ్ బ్రేక్ వేసి, పై గేర్ వేసి క్లచ్ వదిలేయాలి, ఇంజన్ బంద్ అయ్యే అవకాశం ఉంటుంది. కుదరకపోతే అందరూ దిగి దూరంగా వెళ్ళిపోండి. గాలి లాగే నోటికి చెయ్యో గుడ్డో అడ్డం పెట్టే సాహసం చేయకండి.

కొత్త టర్బో వేసేటప్పుడు మెకానిక్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "పాతది ఎందుకు పోయింది?" ఇందాక ఆయిల్ పొర గుర్తుపెట్టుకోమన్నా కదా. చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది. ఆయిల్ సకాలంలో మార్చకపోవడం, టర్బోకి ఆయిల్ వెళ్ళే పైపు మూసుకుపోవడం, లేదంటే ఫిల్టర్ దాటి లోపలికి దుమ్ము పోవడం. కారణం సరిచేయకుండా కొత్తది వేస్తే అదీ అదే దారిలో పోతుంది. కొత్త ఆయిల్, కొత్త ఆయిల్ ఫిల్టర్, శుభ్రమైన పైపు, బిగించేటప్పుడు టర్బోలో ముందుగా కొంచెం ఆయిల్ పోయడం, ఇవి తప్పకుండా చేయించండి.

మా బండి విషయంలోనూ ఇంకొన్నాళ్ళు ఆ చీలికతోనే నడిపి ఉంటే నిజంగానే టర్బో పోయేదేమో. గాలి పోతుంటే, ఒత్తిడి తెచ్చుకోవడానికి టర్బో ఉండాల్సిన దానికంటే వేగంగా తిరుగుతుంది. పైగా బాబాయ్ ఆయిల్ మార్చి ఏడాది దాటింది. అదీ అదే రోజు మార్పించాం. ఇంకో అలవాటు కూడా చెప్పా: ఘాట్ ఎక్కి వచ్చాక వెంటనే ఇంజన్ ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచమని. అప్పుడు టర్బో చల్లారుతుంది, లోపలి ఆయిల్ మాడదు.

మెకానిక్‌ని తిట్టడానికి ఈ ఎపిసోడ్ చేయలేదు. ఆ చీలిక చూపిస్తే ఆయనే క్లిప్పు బిగించి, "ఇకమీదట పిండి చూస్తా బాబూ" అన్నాడు. ఆయన షెడ్‌లో బండిని చూసైనా చెప్పాడు. నేను బండిని చూడకుండానే ఫోన్‌లో చెప్పేశా. ఎవరిది పెద్ద తప్పో మీరే చెప్పండి.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా "టర్బో పోయిందట" అంటే వెంటనే రేటు అడగకండి. ముందు పొగ రంగు అడగండి. తర్వాత పైపులు పిండి చూడమనండి. ఈ ఎపిసోడ్ లింక్ బండి ఉన్న మీ బాబాయ్‌కో మామయ్యకో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, అప్పటిదాకా జాగ్రత్తగా నడపండి. బై!