పత్తికట్టె పొగ – ఊపిరితిత్తులలోని క్రొవ్వుపొర

ఇచ్చోడ ప్రాంతమున పత్తి ఏరుట ముగిసిన పిదప కట్టెను పెరికి, కుప్పవేసి నిప్పు పెట్టుట కొందరు రైతులకు అలవాటు. మరికొంత కట్టె ఇంటి పొయ్యిలోనికి పోవును. చేను ఒక్కనాటిలో శుభ్రపడు మాట నిజమే. కాని ఆ పొగ పీల్చినవారి ఊపిరితిత్తులలో ఏమి జరుగునో రైతు సోదరులు తెలిసికొనుట అవసరము.

కణమునకు కంచె

మన ఊపిరితిత్తులలో సుమారు 30 నుండి 50 కోట్ల గాలితిత్తులు కలవు. వాని గోడలలోని ప్రతి కణము చుట్టును రెండు వరుసల క్రొవ్వు అణువులతో ఏర్పడిన పలుచని పొర యుండును. చేనికి కంచె యెట్టిదో కణమునకు ఈ పొర యట్టిది.

అవిసెనూనె, కుసుమనూనె గాలి సోకిన త్వరగా ముక్కవాసన పట్టును. కొబ్బరినూనె చాలకాలము నిలుచును. మొదటి రెండింటిలో అసంతృప్త క్రొవ్వులు హెచ్చుగా నుండుటయే దీనికి కారణము. కణపు పొరలోను ఇట్టి క్రొవ్వులు కలవు. పొర మెత్తగా నుండుటకు అవి కావలెను. అయితే హాని తగులునదియు వానికే.

పొగలో నైట్రోజన్ డయాక్సైడు ఉండును. పొగలోని వాయువులు ఎండలో మార్పుచెంది ఓజోను పుట్టును. ఈ రెండును అసంతృప్త క్రొవ్వులను చెరచును. చెడిన అణువు ప్రక్క అణువును చెరచును. ఎండుగడ్డిలో నిప్పు ప్రాకినట్లు ఇది సాగును. పొర చివికి కణము దెబ్బతినును. దగ్గు, ఆయాసము కలుగును.

ఇ-విటమిను

ఈ ప్రాకుడును అడ్డగించునది పొరలోనుండు ఇ-విటమిను. 1970 దశకములో ఎలుకలపై జరిగిన ప్రయోగములలో, ఇ-విటమిను లోపించినవి ఓజోనుకు త్వరగా లొంగినవి. సి-విటమిను దీనికి తోడ్పడును. వేరుసెనగ, ఆకుకూరలు, ఉసిరి తినుట మేలు. కుసుమనూనె మానవలసిన పనిలేదు. అందును ఇ-విటమిను కలదు. అయితే మంచి తిండి తినుచున్నామని పొగలో నిలుచుట తగదు.

సోయాచిక్కుడు ఆకులకును ఓజోను ఇట్లే హానిచేసి దిగుబడి తగ్గించును.

చేయవలసిన పనులు

1. పత్తికట్టెను కాల్చవలదు. గులాబీరంగు పురుగు భయమున్నచో, మిగిలిన కాయలను మేకలకు, గొఱ్ఱెలకు మేపి, కట్టెను ట్రాక్టరు ష్రెడ్డరుతో తునకలు చేసి లోతుగా దున్నవలెను. మందు చల్లిన చేనిలో తగిన గడువు ముగిసిన పిదపనే మేపవలెను.

2. వంటయింటికి పొగగొట్టము, కిటికీ అమర్చవలెను. పొయ్యి వెలుగునప్పుడు పసిపిల్లలను, ఆయాసపు రోగులను దూరముగా నుంచవలెను.

3. ముక్కునకు తడిగుడ్డ కట్టిన చాలునని తలపవలదు. వాయువులను అది ఆపజాలదు.

4. గ్రామాధికారులు పత్తి ఏరుట ముగియకముందే రైతు వేదికలో ఈ విషయము చర్చించి, ష్రెడ్డరు ఏ దినమున ఏ రైతు చేనికి పోవునో నిర్ణయించిన మేలు.

కట్టె నేలలో కలిసిన భూమికి బలము. పొగయై లేచిన, మొదట పీల్చునది మన ఇంటివారే.