స్కానింగు గదిలో కృత్రిమ మేధ

సెకనుకు సుమారు 20,000 కంపనములకు మించిన ధ్వనిని మన చెవి వినజాలదు. అట్టి శ్రవణాతీత ధ్వనిని దేహములోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనులను చిత్రముగా కూర్చుటయే స్కానింగు. గ్లాస్గో నగరమున ఇయాన్ డోనాల్డ్ అను వైద్యుడును, ఆయన సహచరులును 1958లో ప్రకటించిన వ్యాసము ఈ విద్యకు పునాదులలో నొకటి.

అయితే చిత్రము తనంతట తా నేర్పడదు. గుండె పక్కటెముకల చాటున, ఊపిరితిత్తుల నడుమ నుండును. ఎముకయు, గాలియు ఈ ధ్వని కడ్డుగోడలు. ప్రోబును ఏ సందున నుంచవలెనో, ఎంత వంచవలెనో టెక్నీషియను చేతికి తెలియవలెను. చేయి తప్పిన చిత్రము తప్పును. చిత్రము తప్పిన వైద్యుని నిర్ణయము తప్పును.

ఇచ్చటనే కృత్రిమ మేధ తోడ్పడుచున్నది. అనేక చిత్రములతో శిక్షణ పొందిన యంత్రము, ప్రోబును ఎటు త్రిప్పవలెనో తెరపై సూచించును; తగిన చిత్రము లభింపగానే దానిని భద్రపరచును. గుండె స్కానింగునకై రూపొందిన ఇట్టి సాధనమునకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2020లో అనుమతి నొసగినది. 2021లో ప్రకటితమైన యొక పరిశీలనలో, స్కానింగు అనుభవము లేని ఎనమండుగురు నర్సులు దీని సాయమున 240 మంది రోగులను పరీక్షించిరి. వారిలో 237 మంది చిత్రములు ఎడమ జఠరిక పరిమాణమును, పనితీరును అంచనా వేయుటకు చాలినవని నిపుణులు తేల్చిరి. నిపుణులు లేని ఆసుపత్రుల కిది గొప్ప ఆసరా.

అట్లని టెక్నీషియను అనవసరమని మనము తలపరాదు. యంత్రము తాను నేర్చిన దృశ్యములనే గుర్తించును. రోగి నొప్పితో ముడుచుకొన్నపుడు చేయి తేలిక చేయుటయు, తెలియని నీడ కనిపించినపుడు మరల వెదకుటయు మనుష్యుని పనియే. దారి చూపుట వరకే యంత్రమునకు విడిచి, బాధ్యతను మనము నిలుపుకొనవలెను.