గోడలోని చెమ్మకు దారి
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతములలో వాన తక్కువ, ఎండ మెండు. ఇంటి గోడలకు వెలుపల వేడిని అడ్డగించు పొర వేయుట మేలే. కాని అది తేమను లోపల బంధింపరాదు.

30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఘనమీటరు గాలిలో సుమారు 30 గ్రాముల నీటియావిరి ఇమిడియుండగలదు. 20 డిగ్రీల వద్ద 17 గ్రాములే. నిండుగాలి చల్లని గోడను తాకినచో మిగిలిన ఆవిరి నీరగును. పునాది నుండియు గోడ చెమ్మను పీల్చును. గోడ చెంత సాపేక్ష ఆర్ద్రత 80 శాతమును మించి కొన్నాళ్లు నిలిచిన బూజు పట్టును. గుంటమగ్గముల ఇండ్లలో పట్టుదారమునకు ఇది చేటు.

గోడకు ప్లాస్టిక్ కాగితమును అంచులు మూసి అతికించి, మరునాడు చూడుడు. లోపలివైపు బిందువులున్న చెమ్మ గోడలోనిది. వెలుపల నున్న గాలిలోనిది.

మట్టిగోడకు ఆవిరిని పోనిచ్చు సున్నపు పూత సిమెంటు పూతకన్న తగినది. ముందు చెమ్మ నాపి, గోడ నారనిచ్చి, పిదపనే పొర నెన్నుకొనవలెను.