సెల్‌ఫోనూ – వాహనచోదకుడూ

1973 ఏప్రిల్ 3వ తేదీన న్యూయార్క్ నగర వీధిలో మార్టిన్ కూపర్ అనే ఇంజనీరు, చేత పట్టుకొని తిరుగగల టెలిఫోనుతో తొలిసారి మాట్లాడినాడు. ఆనాడు ఆయన కాలినడకన ఉన్నాడు. నేడు మన కళాశాల ద్వారం వద్ద ఉదయంపూట పది నిమిషాలు నిలబడితే చాలు, ఆ సాధనం ఎంత దూరం వచ్చినదో తెలుస్తుంది. ఒకరు ఫోనును హెల్మెట్‌లోనికి దోపుకొని వస్తారు. ఒకరు స్కార్ఫు మడతలో ఇరికించుకొని వస్తారు. మరొకరు మెడ వంచి, భుజానికీ చెవికీ నడుమ నొక్కిపట్టి వస్తారు. అడిగితే అందరిదీ ఒకటే సమాధానం: "రెండు చేతులూ హ్యాండిల్ మీదనే ఉన్నాయి కదా!"

ఈ సమాధానాన్నే మేము పరిశీలింపదలచినాము.

ముందు కంటి సంగతి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి క్షణానికి సుమారు 17 మీటర్లు సాగుతుంది. పిలిచినదెవరో చూచుటకు మూడు క్షణాలు చూపు దించితే 50 మీటర్ల బాట కళ్లు మూసుకొని దాటినట్లే.

చేతులు, కళ్లు రెండూ వాటి పనిలోనే ఉన్నవనుకొందాము. మనస్సు మాటేమిటి? కెనడాలోని టొరంటో నగరంలో రెడెల్మయర్, టిబ్షిరాని అనే పరిశోధకులు ప్రమాదాలకు గురియైన 699 మంది చోదకుల ఫోను లెక్కలు పరిశీలించి, 1997లో ఫలితాలు ప్రకటించినారు. ఫోనులో మాట్లాడే వేళ ప్రమాదావకాశం సుమారు నాలుగు రెట్లు పెరిగినది. చేత పట్టనక్కరలేని ఫోనుల వల్ల అదనపు రక్షణ ఏమీ కానరాలేదు. ప్రక్కన కూర్చున్నవాడు కూడ మాట్లాడుతాడు కదా అని కొందరి వాదన. కాని వానికి ఎదుటి లారీ కనిపిస్తుంది, నోరు మూసుకొంటాడు. ఫోనులోని మనిషికి లారీ కనబడదు.

మోటారు వాహనాల చట్టం 184వ సెక్షనును 2019లో సవరించినారు. చేతిఫోను వాడుతూ ప్రమాదకరంగా బండి నడిపితే తొలి తప్పుకు 1,000 నుండి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల నుండి ఏడాది వరకు జైలు గాని, రెండూ గాని విధింపవచ్చును. 2020 నాటి నిబంధనల సవరణ దారి చూచుకొనుటకు మాత్రం, ఏకాగ్రత చెడని విధంగా, అనుమతినిచ్చినది. చట్టం దృష్టి చేతి మీదనే ఉన్నది. చెవిలోని ఇయర్‌ఫోను దానికి అంతగా చిక్కదు.

మన విద్యార్థులలో కొందరు సాయంత్రాలు భోజనపు పార్సెళ్లు చేరవేసి ఫీజు కట్టుకొంటున్నారు. ఫోను లేనిదే వారికి పని లేదు; ఆలస్యమైతే మాట పడవలసినదీ వారే. తప్పంతా ఆ కుర్రవాని నెత్తిన వేయుట మాకు న్యాయంగా తోచదు. అతడు చేయగలిగినది కొంత ఉన్నది: ఫోనును హ్యాండిల్ వద్ద బిగించి, బయలుదేరకముందే దారి నిర్ణయించుకొని, పిలుపు వస్తే ఇండికేటరు వేసి, ఫ్లైఓవరు మీద గాక రోడ్డు అంచున వెడల్పైన చోట ఆగి మాట్లాడుట. ఆ రెండు నిమిషాలు ఓపిక పట్టవలసినది పార్సెలు తెప్పించుకొన్న మనము.

నిజానికి దారిలో వచ్చే పిలుపులలో అధికభాగం ఇంటినుండే. "ఎంతవరకు వచ్చావు బేటా?" అని అమ్మీ ప్రేమతోనే అడుగుతుంది. అందుకే మాలో కొందరము ఈ ఏడు ఇళ్లలో ఒక ఏర్పాటు చేసుకొన్నాము. బయలుదేరే ముందు ఒక మాట, చేరిన పిమ్మట ఒక మాట. నడుమ ఫోను మ్రోగి ఆగిపోయినా ఎవరూ కంగారుపడరాదు. పొరపాటున ఎత్తితే మొదటి ప్రశ్న "బండి మీద ఉన్నావా?" అనే, అవునంటే వెంటనే పెట్టివేయాలి. మొదటి వారం తల్లులకు చాల కష్టమైనది. రెండవ వారంలో ఒక అమ్మీ, కొడుకు ఎత్తకముందే తానే పెట్టివేసిందట.