మీకు తెలుసా? ఒట్టితునకలు వేరు, పొగ మాంసం వేరు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో మాంసం నిల్వ అంటే ఒట్టితునకలే. ఉప్పు, పసుపు పట్టించిన ముక్కలను దండెం మీద వేసి ఎండలో గట్టిపడేదాకా ఆరబెడతారు. తడి పోతుంది కాబట్టే అవి చాలాకాలం ఉంటాయి.

ఇంటి స్మోకర్ పని వేరు. అందులో మాంసం దాదాపు 110 డిగ్రీల సెల్సియస్ వేడిలో, పొగలో నెమ్మదిగా మగ్గుతుంది. తడి మిగిలే ఉంటుంది, కనుక తినగా మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే!

చిన్న స్మోకర్ కొనేవారు మొదట మూత చూడాలి: సందుల్లేకుండా బిగుతుగా కూర్చోవాలి. గాలి రంధ్రాలు కింద, పైన రెండుచోట్లా ఉంటేనే మంట అదుపులో ఉంటుంది. కోడిమాంసం లోపల 74 డిగ్రీలకు చేరిందని చెప్పే థర్మామీటర్ తప్పనిసరి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ అసలే వద్దు; ఎండిన మామిడి కట్టె మేలు. బొగ్గుల నుంచి వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది కాబట్టి స్మోకర్‌ను ఆరుబయటే వెలిగించాలి.